ఇంజను కనిపించని రైలుబండి

పిల్లలూ! హైదరాబాదు పాతబస్తీకి వెళ్ళినవాళ్ళు చార్మినారూ, మక్కా మసీదూ చూసి, లాడ్‌బజారులో గాజులు కొనుక్కుని తిరిగివస్తారు. మీరు వెళ్ళినప్పుడు మాత్రం ఒక పూట మిగుల్చుకుని ఫలక్‌నుమా రైలు స్టేషనుకు కూడా వెళ్ళండి. అక్కడ మీకొక పొడుపుకథ దొరుకుతుంది.

ఫలక్‌నుమా పాతబస్తీకి దక్షిణపు కొసన ఉన్నది. 1884లో వికారుల్ ఉమ్రా అనే నవాబు అక్కడి గుట్టమీద ఒక పెద్ద మేడ కట్టించడం మొదలుపెట్టాడు. ఆ మేడకు ఫలక్‌నుమా అని పేరు. ఆకాశానికి అద్దంలాంటిది అని దాని అర్థం. మేడ పేరే పేటకూ, స్టేషనుకూ కూడా వచ్చింది.

ఇక పొడుపుకథ సంగతి. ప్లాట్‌ఫారం మీద కూచుని చూడండి. సికిందరాబాదు వైపునుంచి లోకల్ బండి వస్తుంది. జనం దిగుతారు, జనం ఎక్కుతారు. కాసేపటికి బండి వచ్చిన దారినే వెనక్కు బయలుదేరుతుంది. బండి ముందు చూస్తే ఇంజను లేదు. వెనక చూస్తే అక్కడా లేదు. మధ్యలోనూ లేదు. మరి బండిని లాగేదెవరు?

దీని జవాబు బండి కిందనే ఉన్నది. పెట్టెల అడుగున, చక్రాల పక్కనే, విద్యుత్తుతో తిరిగే మోటార్లు ఉంటాయి. పైన వేలాడే తీగనుంచి కరెంటు దిగి వాటిని తిప్పుతుంది. డ్రైవరు గది బండికి రెండు కొసలా ఉంటుంది. డ్రైవరు ఈ గదిలోనుంచి దిగి ఆ గదిలో కూచుంటే చాలు, తోక తల అవుతుంది, తల తోక అవుతుంది. 2003 ఆగస్టు 9న హైదరాబాదులో మొదలైన ఎం.ఎం.టి.ఎస్. బళ్ళు ఈ రకానివే.

అయితే తీగ లేనిచోట ఇటువంటి బండి నడవగలదా? నడవగలదు. కాచిగూడ, ఫలక్‌నుమాల మీదుగా మహబూబ్‌నగర్ వైపు చాలా ఏళ్ళు అటువంటి బళ్ళే నడిచాయి. వాటిని డెము బళ్ళని పిలిచేవారు. అవి తమకు కావలసిన కరెంటును తామే తయారుచేసుకునేవి. ఒక పెట్టెలో డీజిలు యంత్రం ఉండేది. అది డైనమోను తిప్పేది. డైనమోలో పుట్టిన కరెంటు మోటార్లకు వెళ్ళేది. చక్రాలను తిప్పేవి ఆ మోటార్లే.

ఈ బళ్ళ వంశవృక్షం వెతుక్కుంటూ పోతే మనం జర్మనీ దేశం చేరుకుంటాము. ఆ కథ చెబుతాను, వినండి.

మొదట డీజిలు అనే మాట ఎలా వచ్చిందో తెలుసునా? అది ఒక మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన 1858లో పారిస్ నగరంలో పుట్టాడు. ఆయన తల్లిదండ్రులు జర్మనులు. ఆ రోజుల్లో ఆవిరియంత్రాలు బొగ్గు విపరీతంగా తినేవి. అంత బొగ్గు మండినా అందులో చాలా భాగం వేడిగా గాలిలో కలిసిపోయేది, పనికివచ్చేది కొంచెమే. ఇంతకన్న పొదుపుగా నడిచే యంత్రం చెయ్యాలని డీజిల్ ఏళ్ళ తరబడి పాటుపడి, 1897లో జర్మనీలోని ఆగ్స్‌బుర్గ్ పట్టణంలో దాన్ని సాధించాడు.

ఆ యంత్రంలోని కిటుకు మీరు సైకిలు షాపులో చూడవచ్చు. పంపుతో టైరుకు గాలి కొట్టిన తరవాత పంపు అడుగు ముట్టుకుని చూడండి, వెచ్చగా ఉంటుంది. గాలిని ఇరుకులో అదిమితే వేడెక్కుతుంది. డీజిలు యంత్రంలో గాలిని సుమారు పదిహేనో వంతుకు అదుముతారు. అప్పుడది అయిదువందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి నూనెను సన్నని తుంపరగా చిమ్మితే, అగ్గిపుల్ల అవసరం లేకుండానే భగ్గుమని మండుతుంది. ఆ మంట ముషలకాన్ని తోస్తుంది, యంత్రం తిరుగుతుంది.

ఈ యంత్రాన్ని రైలుకు పెడితే ఎన్ని లాభాలో చూడండి. ఆవిరి ఇంజనును బయలుదేరదీయాలంటే గంటల ముందే నిప్పు రాజెయ్యాలి. దారిలో నీళ్ళు పట్టాలి. చివరి స్టేషనులో ఇంజనును విప్పి, తిప్పి, రెండో కొసకు తగిలించాలి. డీజిలు బండికి ఈ బాధలు లేవు.

అయితే ఒక చిక్కు ఉన్నది. రిక్షా తొక్కేవాణ్ణి గమనించారా? నడుస్తున్న రిక్షాను తొక్కడం తేలిక. ఆగి ఉన్న రిక్షాను కదిలించడమే కష్టం. అప్పుడతను సీటు మీదనుంచి లేచి, ఒళ్ళంతా బరువు పెట్టి తొక్కుతాడు. రైలుబండికీ అంతే. డీజిలు యంత్రం తిరుగుతూ ఉన్నప్పుడే బలం చూపిస్తుంది, ఆగి ఉంటే దానికి బలమే లేదు. కరెంటు మోటారు సంగతి వేరు. కదిలే క్షణంలోనే అది గట్టిగా తోస్తుంది. అందుకని ఇద్దరికీ స్నేహం కుదిర్చారు. యంత్రం కరెంటు పుట్టిస్తుంది, మోటారు బండిని తోస్తుంది.

ఇలా తయారైన బళ్ళలో లోకమంతా పేరు పొందినది ఒకటున్నది. దాన్ని 1932లో గోర్లిట్స్ అనే ఊరిలో తయారుచేశారు. 1933 మే 15 నుంచి అది బెర్లిన్, హాంబుర్గ్ నగరాల మధ్య రోజూ నడవసాగింది. జనం దానికి "ఎగిరే హాంబుర్గు బండి" అని పేరు పెట్టారు. పాల మీగడ రంగూ, ఊదా రంగూ వేసిన రెండే రెండు పెట్టెలు. పొడవు 41 మీటర్ల 92 సెంటీమీటర్లు. ఒక్కొక్కటి 410 గుర్రాల బలం గల మైబాఖ్ డీజిలు యంత్రాలు రెండు. కూచునేందుకు 98 సీట్లు, ఫలహారశాలలో మరి నాలుగు.

రెండు పెట్టెలు కలిసేచోట ఒక తమాషా ఉండేది. మామూలుగా ప్రతి పెట్టెకూ రెండు చక్రాల బళ్ళుంటాయి కద. ఇందులో మధ్యనున్న చక్రాల బండి ఒక్కటే. అన్నదమ్ములిద్దరు ఒకే పీటమీద చెరిసగం కూచున్నట్టు, రెండు పెట్టెల కొసలూ దానిమీదనే ఆని ఉండేవి. అందువల్ల బరువు తగ్గింది, ఊగడమూ తగ్గింది.

బండి ముఖం ఎలా ఉండాలో తేల్చడానికి చిన్న నమూనాలు చేసి, జెప్పెలిన్ ఆకాశనౌకల కార్ఖానాలో వాటిమీదికి గాలి జోరుగా వదిలి పరీక్షించారు. మొండి ముఖం గల బండిని గాలి వెనక్కు నెడుతుంది, గుండ్రని ముఖం గలదాన్ని తప్పుకుని పోతుంది. చూశారా, పెద్దబండి పుట్టకముందే దాని బొమ్మ పుట్టింది! ఈ మాట గుర్తుంచుకోండి, ముందు మళ్ళీ అవసరమవుతుంది.

బెర్లిన్ నుంచి హాంబుర్గ్ 287 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడకు రోడ్డుమీద వెళ్ళే దూరం కన్న కాస్త ఎక్కువ. అంతదూరాన్ని ఈ బండి 138 నిమిషాల్లో దాటేది. సగటు వేగమెంతో మీరే లెక్కకట్టండి. గంటకు సుమారు 125 కిలోమీటర్లు వస్తుంది. దారిలో అది 160 కిలోమీటర్ల వేగం అందుకునేది. రోజువారీ నడిచే బళ్ళలో అంత త్వరగా గమ్యం చేర్చేది ఆనాడు లోకంలో మరొకటి లేదు.

దాన్ని చూసి మరిన్ని డీజిలు బళ్ళు తయారుచేశారు. లైప్‌జిగ్ రకమనే మూడు పెట్టెల బండి 1936 ఫిబ్రవరి 17న గంటకు 205 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తింది. దాన్ని బ్రెస్లావులోని లింకె హోఫ్‌మన్ కార్ఖానాలో చేశారు. ఇప్పుడా ఊరు పోలండ్ దేశంలో ఉన్నది, దాన్ని వ్రొత్స్వాఫ్ అంటారు.

ఈ పేరుతో మనకు చుట్టరికం ఉన్నది. కాచిగూడ స్టేషనులో ఆగిన ఎక్స్‌ప్రెస్ బండి పెట్టెలను "ఎల్.హెచ్.బి. పెట్టెలు" అనడం మీరు వినే ఉంటారు. "లింకె హోఫ్‌మన్ బుష్" అనే మూడు పేర్లలోని మొదటి అక్షరాలే అవి. యుద్ధం తరవాత ఆ కంపెనీ జర్మనీలోని జాల్ట్స్‌గిటర్ అనే ఊరికి చేరింది. 2000 ప్రాంతంలో మన రైల్వేలు ఆ కంపెనీ పెట్టెలను తెప్పించి, తరవాత పంజాబులోని కపూర్తలా కార్ఖానాలో అటువంటివే తయారుచెయ్యడం మొదలుపెట్టాయి. లైప్‌జిగ్ బండిని కన్న కార్ఖానా పేరు ఇవాళ మన పట్టాలమీద తిరుగుతున్నదన్నమాట.

ఇంత గొప్ప బండి ఎన్నాళ్ళు నడిచింది? ఆరేళ్ళు. 1939 ఆగస్టులో, యుద్ధం రానున్నదనగా, దాన్ని ఆపేశారు. డీజిలు నూనె సైన్యానికి కావలసివచ్చింది. రెండున్నర గంటలైనా పట్టని ప్రయాణం మళ్ళీ పాతకాలపు వేగానికి వచ్చేసింది.

యుద్ధం జర్మనీ బండిని మాత్రమే ఆపిందనుకోకండి. మన గోదావరి జిల్లాలో కాకినాడనుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 45 కిలోమీటర్ల రైలుదారి ఉండేది. అదే యుద్ధకాలంలో ఇనుము కావాలని ఆ పట్టాలను పీకేశారు. పెద్ద నగరాలమధ్య పరిగెత్తే బండీ, పచ్చని చేలమధ్య నడిచే బండీ ఒకే కారణంచేత ఆగిపోయాయి. యుద్ధమంటే బాంబులొక్కటే కాదు. ఎక్కడో దూరాన ఉన్న ఊరివాళ్ళు కూడా సంతకు నడిచిపోవలసి రావడం యుద్ధమే.

యుద్ధం అయిపోయాక జర్మనీ చితికిపోయి ఉన్నది. వేగం సంగతి అటుంచి, పల్లెలకు బండ్లు నడపడమే గగనమయింది. ఎక్కేవాళ్ళు పదిమంది, బొగ్గు తినే ఇంజనేమో కొండంత! అటువంటి రైలుదారులను మూసెయ్యాలా అన్న ప్రశ్న వచ్చింది. అప్పుడు ఉయెర్డింగెన్ అనే చోటి కార్ఖానావారు ఒక ఉపాయం చేశారు. రోడ్డు బస్సు యంత్రంలాంటి దాన్నే తీసుకుని, పట్టాలమీద నడిచే బస్సు తయారుచేశారు. 1950లో వచ్చిన బండికి యంత్రం ఒకటి, 1955లో వచ్చినదానికి రెండు. నాలుగే చక్రాలు. ఎర్రరంగు.

ఈ రైలుబస్సులో సీట్ల వీపులను అటూ ఇటూ మడవవచ్చు. బండి ఎటు పోతే అటు తిరిగి కూచోవచ్చు. అన్నిటికన్న పిల్లలకు ఇష్టమైనదేమంటే, డ్రైవరు వెనకనే కూచుని, అద్దంలోనుంచి ఎదుటి పట్టాలు తమకేసి పరిగెత్తుకు రావడం చూడవచ్చు! ఇటువంటి బళ్ళు వందలకొద్దీ తయారయి, ఎన్నో పల్లె రైలుదారులు మూతపడకుండా కాపాడాయి. ఎగిరే హాంబుర్గు బండి రికార్డులు నెలకొల్పింది, ఈ ఎర్రబండి మాత్రం పాలవాళ్ళనూ, బడిపిల్లలనూ మోసింది. రెంటిలో ఏది గొప్పదంటే మీరేమంటారు?

కోటిపల్లి కథ కూడా ఇలాగే సుఖాంతమయింది. 2004లో ఆ రైలుదారిని తిరిగి తెరిచారు. దానిమీద నడవడానికి వచ్చింది ఏమిటనుకున్నారు? రైలుబస్సే!

హైదరాబాదులో రైలుకూ, బస్సుకూ బంధుత్వం అంతకన్న పాతది. 1932లో నిజాం ప్రభుత్వపు రైల్వేవారే 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టారు. తరవాతి కాలపు ఆర్.టి.సి. ఆ మొలకనుంచి పెరిగినదే.

ఇప్పుడు ఫలక్‌నుమాలో బండెక్కుదాము. ఉప్పుగూడ, యాకుత్‌పురా, దబీర్‌పురా స్టేషన్లు ఒకటి తరవాత ఒకటి వస్తాయి. ఇరుపక్కలా మిద్దెలూ, ఆరేసిన బట్టలూ, మసీదు మినార్లూ కనిపిస్తాయి. మలక్‌పేట దాటితే మూసీ నది, నది దాటితే 1916లో కట్టిన కాచిగూడ స్టేషను. ఒకప్పుడు ఈ దారిలో మీటరు వెడల్పు గల సన్నపట్టాల మీద చిన్నబళ్ళు ఆవిరి కక్కుతూ నడిచేవి. ఇప్పుడా పట్టాలు లేవు, వాటిమీద నడిచిన బళ్ళూ లేవు. బండి పాతబడితే ఇనుప తుక్కు కింద అమ్మేస్తారు. లోకమంతటా ఇదే తీరు.

ఎగిరే హాంబుర్గు బండికీ అదే గతి పట్టింది. యుద్ధం తరవాత కొన్నాళ్ళు నడిచి, 1957లో పని చాలించింది. ఇవాళ దాని ముందుభాగం ఒక్కటే న్యూరెంబర్గులోని రైలు మ్యూజియంలో మిగిలి ఉన్నది. ఆ బండిని నిండుగా, రెండు పెట్టెలతో చూడాలంటే ఒకటే దారి, దాని బొమ్మను చూడడం. పుట్టకముందు బొమ్మగా ఉన్న బండి, పోయిన తరవాత మళ్ళీ బొమ్మగా మిగిలింది.

ఇవి తిరునాళ్ళలో అమ్మే బొమ్మలవంటివి కావు. అసలు బండి కొలతలన్నిటినీ ఒకే సంఖ్యతో భాగించి తయారుచేస్తారు. జర్మనీలోని గోపింగెన్ పట్టణంలో 1859లో పుట్టిన మార్క్‌లిన్ కంపెనీ ఈ పనికి పేరు మోసింది. పూర్వం ఒక్కొక్క బొమ్మల కంపెనీ పట్టాలు ఒక్కొక్క వెడల్పులో ఉండేవి. 1891లో మార్క్‌లిన్‌వారు లైప్‌జిగ్ సంతలో, కొలతలు స్థిరపరచిన పట్టాలను ప్రదర్శించారు. అప్పటినుంచి ఇవాళ ఒక బండి, రేపు రెండు పట్టాలు, ఎల్లుండి ఒక స్టేషను కొని జోడించుకోవడం వీలయింది.

ఇప్పుడు ఎక్కువమంది వాడే కొలత 87వ వంతు. అసలు బండిలో 87 సెంటీమీటర్లున్నది బొమ్మలో ఒక సెంటీమీటరు. జర్మనీ పట్టాల వెడల్పు 1435 మిల్లీమీటర్లు. దాన్ని 87తో భాగిస్తే పదహారున్నర మిల్లీమీటర్లు వస్తుంది. బొమ్మపట్టాల వెడల్పు సరిగా అంతే. హాంబుర్గ్ నగరంలో 2001లో తెరిచిన ఒక వింత ప్రదర్శనశాలలో ఈ కొలతతోనే ఊళ్ళూ, కొండలూ, రేవులూ కట్టి వందలాది బొమ్మబళ్ళు నడుపుతున్నారు.

మన బళ్ళ బొమ్మలు చేసేవారికి ఒక చిక్కు వస్తుంది. మన పెద్దపట్టాల వెడల్పు 1676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే సుమారు 19 మిల్లీమీటర్లు రావాలి. బజారులో దొరికే పట్టాలేమో పదహారున్నర. అందుచేత మనవాళ్ళు చాలామంది పెట్టెలను సరైన కొలతతో చేసి, సన్నని పట్టాలమీద నడిపి సరిపెట్టుకుంటారు. నిక్కచ్చిగా ఉండాలనుకునేవాళ్ళు పట్టాలు కూడా తామే చేసుకోవాలి.

మీరూ ఒక బండి చెయ్యవచ్చు. ఖరీదైన సామానేమీ అక్కర్లేదు. లాడ్‌బజారునుంచి అమ్మ తెచ్చిన గాజుల అట్టపెట్టెలూ, కత్తెరా, జిగురూ, స్కేలూ చాలు. ఎగిరే హాంబుర్గు బండి 4192 సెంటీమీటర్లు. 87తో భాగించండి, 48 సెంటీమీటర్లు వచ్చింది కద. అంటే 24 సెంటీమీటర్ల పెట్టెలు రెండు చెయ్యాలి. ముందూ వెనకా ముఖాలు గుండ్రంగా వంచండి. మీగడ రంగూ, ఊదా రంగూ వెయ్యండి. పక్కన చార్మినారు కూడా నిలబెడతారా? అది ఒక్కొక్క పక్క సుమారు 20 మీటర్లు. అట్టమీద 23 సెంటీమీటర్ల చదరం గియ్యండి. బండి పొడవు చార్మినారు పక్కకు రెండింతలని మీ కళ్ళకే కనిపిస్తుంది. పుస్తకంలో చదివితే ఈ పోలిక ఇంత తేటగా తెలియదు. 174 సెంటీమీటర్ల నాన్నగారు ఈ లోకంలో రెండు సెంటీమీటర్లే ఉంటారు!

బండి నడిపేటప్పుడు కూడా లెక్క తప్పకూడదు. గంటకు 160 కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు. అంటే మీ బండి ఒక్క సెకనులో తన పొడవుకన్న కొంచెం ఎక్కువ దూరం జరగాలి. అంతకన్న జోరుగా తోశారా, పట్టాలు తప్పిందనే లెక్క.

ఇక సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినప్పుడు అందరితోపాటు గంటలు కొట్టే గడియారాన్ని చూడండి, తరవాత పిల్లల విభాగంలోని ఆటవస్తువులనూ చూడండి. మూడవ సాలార్‌జంగు 1949లో చనిపోయేదాకా సేకరించిన వస్తువులతోనే 1951లో ఆ మ్యూజియం వెలిసింది. ఆయన విలువైన రాళ్ళనూ, కత్తులనూ మాత్రమే దాచి ఉంటే, పిల్లలు ఏమి పెట్టుకుని ఆడుకునేవారో మనకు తెలిసేది కాదు.

మన ఊరి బళ్ళ విషయమూ అంతే. ఇవాళ రోజూ ఎక్కే లోకల్ బండి ఎన్నటికీ ఉంటుందనుకుంటాము. సన్నపట్టాల బండి ఎక్కినవాళ్ళూ అలాగే అనుకున్నారు. అందుచేత ఒక నోటుపుస్తకం తీసుకోండి. మీ తాతగారినీ, నాయనమ్మనూ అడిగి, వాళ్ళు ఎక్కిన బళ్ళు ఏ రంగులో ఉండేవో, సీట్లు ఎలా ఉండేవో, టిక్కెట్టు ఎలా ఉండేదో రాసుకోండి. ఇప్పటి బండికి ఎన్ని తలుపులో, ఎన్ని కిటికీలో ప్లాట్‌ఫారం మీద నిలబడి లెక్కపెట్టి బొమ్మ గియ్యండి. పట్టాల దగ్గరికి మాత్రం వెళ్ళకండి, పెద్దవాళ్ళను వెంట ఉంచుకోండి. ఏభై ఏళ్ళ తరవాత ఎవరైనా ఈ బండి బొమ్మ చెయ్యాలనుకుంటే, కొలతలకు మీ నోటుపుస్తకమే ఆధారం కావచ్చు.

చివరగా ఒక చిన్న లెక్క. పాత సన్నపట్టాల వెడల్పు 1000 మిల్లీమీటర్లు. 87వ వంతు బొమ్మలో అది ఎంత వెడల్పు ఉండాలి? జవాబు కనుక్కుని, రెండు పుల్లలు అంత దూరంలో అతికించి చూడండి. ఒకప్పుడు కాచిగూడనుంచి కర్నూలు దాకా జనాన్ని మోసిన దారి మీ వేలిమీద సరిపోతుంది.